సగంలో ఆపేసిన సిరీస్ మీద అభిప్రాయం చెప్పవచ్చా?

తీరికవేళ:
ఎనిమిది భాగాల నేరపరిశోధన సిరీస్ ఒకటి మొదలుపెట్టి నాలుగో భాగంలో ఆపేశాను. సాగదీత భరించలేకపోయానని రాస్తే, "పూర్తిగా చూడనివారికి మాట్లాడే హక్కు లేదు" అని ఒకరు తేల్చేశారు. నేను విమర్శకుణ్ణి కాను. పని ముగిశాక రాత్రిపూట ఒక గంట ఏదో ఒకటి చూసేవాణ్ణి. ఆ సిరీస్‌కు దాదాపు మూడు గంటలు ఇచ్చాను. అంతసేపటిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టలేకపోతే తప్పు నాదా? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా తినాలా?

ఇంకో సంగతి. చివరిదాకా చూసినవారే మాట్లాడాలంటే, చివరిదాకా చూసేదెవరు? నచ్చినవారు. నచ్చనివారు మధ్యలోనే లేచిపోతారు. ఆ నియమం పెడితే ఇక ప్రపంచంలోని సిరీస్‌లన్నీ అద్భుతాలే!

కత్తెర:
ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ అదే అంటాను. కుండలో ఉన్నదంతా ఒకే బియ్యం కాబట్టి ఒక్క మెతుకు పట్టి చూస్తే సరిపోతుంది. కథ అలా ఉడకదు. నేను కొన్నాళ్లు ఎడిటింగ్ పని చేశాను. మొదటి భాగంలో ఒక తలుపు తాళాన్ని అవసరానికి మించి రెండు క్షణాలు చూపిస్తాం. మీకది సాగదీతలా కనిపిస్తుంది. ఆరో భాగంలో ఆ తాళం మీదే కథంతా తిరుగుతుంది. మీరు ఆపేసిన చోట నుంచి చూస్తే ఆ రెండు క్షణాలు వృథా, చివర నుంచి చూస్తే అవే ప్రాణం.

1960లో 'సైకో' సినిమా విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని దాని దర్శకుడు హిచ్‌కాక్ పట్టుబట్టింది ఊరికే కాదు. సినిమా నడుస్తుండగా ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లి కూర్చోవడం అప్పటి ప్రేక్షకులకు మామూలే. చిత్రం మొత్తంగా చూడవలసిన వస్తువని ఆయన అలా నేర్పారు.

రిమోట్‌రాణి:
ఆలస్యంగా వచ్చేవారిని ఆపారు సరే. మధ్యలో వెళ్లిపోయేవారిని కూడా తలుపు వేసి ఆపారా?

లెక్కలమనిషి:
చర్చంతా ప్రేక్షకుడి మర్యాద చుట్టూ తిరుగుతోంది. చూపించేవారి మర్యాద సంగతి కూడా చూద్దాం. నెట్‌ఫ్లిక్స్ ఒకప్పుడు ఒక సినిమానో, సిరీస్‌లో ఒక భాగాన్నో 70 శాతం చూస్తేనే వీక్షణగా లెక్కించేది. 2020 నాటికి ఆ గీతను రెండు నిమిషాలకు దించింది. అంటే పేర్లు పడేలోపు పారిపోయినవారు కూడా "చూసినవారే". 2023 జూన్ నుంచి పద్ధతి మళ్లీ మారింది: అందరూ చూసిన గంటలను కలిపి, మొత్తం నిడివితో భాగిస్తున్నారు. ఇప్పుడు ఇద్దరు చెరి సగం చూసి విసుగుతో ఆపేసినా, ఆ లెక్కలో అది ఒక పూర్తి వీక్షణ.

మన సగం చూపు వారి ప్రకటనల్లో పొగడ్తగా పనికొస్తుంది. మన నోట తెగడ్తగా మాత్రం పనికిరాదా?

కత్తెర:
వ్యాపారి తూకంలో మోసం ఉందని మనమూ తప్పుడు తూకం వేయాలా?

రిమోట్‌రాణి:
నేను పాటలు దాటవేసి, ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తాను. పూర్తిగా చూసినవారి జాబితాలో నాకు చోటుందా? ఫోను చూసుకుంటూ ఎనిమిది భాగాలూ ముగించినవారికో? ఈ హక్కుపత్రాలు ఎవరు జారీ చేస్తారో చెప్తే దరఖాస్తు పెట్టుకుంటాను.

మూడోవరుస:
నవ్వులాట పక్కన పెడితే, ఇలాంటి గొడవ ఒకటి 2008లో జరిగింది. అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక చిత్రాన్ని ఎనిమిది నిమిషాలు మాత్రమే చూసి సమీక్ష రాశారు. ఆ సంగతి సమీక్ష చివరికొచ్చాక గానీ చెప్పలేదు. పాఠకులు మండిపడ్డారు. తర్వాత ఆయన చిత్రం మొత్తం చూసి మరో సమీక్ష రాశారు.

నాకు తోచేది ఇది. ఆయన తప్పు ఎనిమిదో నిమిషంలో లేవడం కాదు, ఆ మాట చిట్టచివర చెప్పడం. పైగా ఆయనకది జీతమిచ్చే ఉద్యోగం, తీరికవేళ గారికి కాదు. "నాలుగో భాగంలో ఆపేశాను, విసుగేసింది" అని మామూలు ప్రేక్షకుడు చెప్తే అందులో అబద్ధమేముంది? నాలాంటి వాడికి పెద్ద సమీక్ష కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. నా ఓపిక కూడా దాదాపు అంతే కాబట్టి! కానీ అదే మనిషి "ముగింపు తేలిపోయింది" అని రాస్తే మాత్రం ఒప్పుకోను. అది ఎవరో చెప్పగా విన్న మాట.

కత్తెర:
"ఆపేశాను" అన్నదాంతో నాకూ పేచీ లేదు. తీరికవేళ గారు అక్కడితో ఆగలేదు. "కథనం తెలియని దర్శకుడు" అన్నారు. సగం కథనం చూసి ఆ మాట ఎలా అంటారు?

తీరికవేళ:
అన్నాను, నిజమే. రాత్రి పన్నెండు దాటాక రాసిన వాక్యమది. దాన్ని తీసేశాను. విసుగేసిందన్న మాట మాత్రం తీయను, ఎందుకంటే వేసింది. పైన ఒక వరుస కొత్తగా చేర్చాను: "నాలుగో భాగం, 22వ నిమిషంలో ఆపాను." ఇక చదివేవారి ఇష్టం.

కత్తెర:
22వ నిమిషమా? అయ్యో! 24వ నిమిషంలోనే కదండీ ఆ అన్న

తీరికవేళ:
చెప్పకండి.

రిమోట్‌రాణి:
చెప్పండి, నేను చూడబోయేది లేదు.