పది నిమిషాల మాటకు లక్షా ఎనభై వేలా?

గాదంకి రోడ్డు:
తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, పక్కన పార్ట్‌టైం పీహెచ్‌డీ. 2021 నవంబర్‌లో మన ఊరిని ముంచిన వానల మీద రాసిన అబ్‌స్ట్రాక్ట్‌ను, అంటే పరిశోధన సారాంశాన్ని, ఈజీయూకు పంపాను. ఏటా ఏప్రిల్, మే ప్రాంతంలో వియన్నాలో జరిగే పెద్ద భూశాస్త్ర సభ అది. ఓరల్ ప్రజెంటేషన్‌కు తీసుకున్నారు. కాలేజీ సెలవు ఇస్తానంది, రూపాయి మాత్రం ఇవ్వనంది. టికెట్, రిజిస్ట్రేషన్, గది కలిపితే లక్షా ఎనభై వేలు తేలింది. ఇంట్లో చెబితే అమ్మ "ఆ దూరమేదో కొండకు నడిస్తే పుణ్యమైనా వచ్చేది" అంది. వెళ్లాలా, వద్దా?

పుంగనూరు ఆవు:
వద్దు స్వామీ. ఆ నెలల్లో వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడి పొద్దుటి సెషన్ మనకు మధ్యాహ్నం. ఆన్‌లైన్‌లో అవకాశం అడిగి, భోంచేసి కూర్చుని చెప్పేయండి. అయినా ఇదంతా సర్టిఫికెట్ వ్యాపారం. నేను పశువైద్యుణ్ణి, నన్ను వారానికి రెండుసార్లు నానోటెక్నాలజీ సభలకు 'విశిష్ట వక్త'గా పిలుస్తారు!

బైరాగిపట్టెడ:
ఆవుగారూ, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మీకొచ్చే మెయిళ్ల జాతి వేరు. జర్నళ్లు, సభలు నడిపే హైదరాబాద్ కంపెనీ ఒమిక్స్ మీద అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ వేసిన కేసులో 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. రాని శాస్త్రవేత్తల పేర్లు వక్తలుగా వేసి సభలు అమ్ముకున్నారన్నది అందులో ఒక ఆరోపణ. ఈజీయూ అలాంటిది కాదు.

నేను ఒకసారి జర్మనీ వెళ్లాను, సొంత డబ్బుతోనే. నా ప్రసంగానికి హాల్లో పదకొండు మంది. వచ్చిన ప్రశ్న ఒక్కటి, అదీ నాకు అర్థం కాలేదు. కానీ కాఫీ క్యూలో నా ముందు నిలబడినావిడ, నేను వాడిన డేటా కంటే మంచిది ఉందంటూ లాప్‌టాప్ తెరిచి చూపించింది. నా థీసిస్ మూడో అధ్యాయం మళ్లీ రాశాను. జూమ్‌లో ఆవిడ నాకెక్కడ దొరికేది?

పుంగనూరు ఆవు:
ఒక్క కాఫీకి అంత ఖర్చా! మీ ఇంట్లో ఒప్పుకున్నారా?

బైరాగిపట్టెడ:
లేదు. రెండేళ్లు ఈఎంఐ కట్టాను. అందుకే అప్పు చేసి వెళ్లమని ఎవరికీ చెప్పను. ముందు పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌ను, అదే పాత సెర్బ్‌ను, ప్రయాణ గ్రాంటు అడగండి.

పాకాల జంక్షన్:
డబ్బు సంగతి సరే, వీసా టెన్షన్ ఎవరూ ఎత్తరేం? షెంజెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా, ఫీజు 90 యూరోలు. సైన్సు సదస్సుకు వెళ్లే పరిశోధకులకు ఆ ఫీజు మినహాయింపు వీసా నిబంధనల్లోనే ఉంది, మనమే అడగాలి. దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ సర్వీస్ ఛార్జి అడిగితే అది వేరే. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, 45 దాకా లాగొచ్చు. ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. మా తమ్ముడు మూడు వారాల ముందు చెన్నై పోయి వేలిముద్రలు వేసొచ్చాడు. పాస్‌పోర్ట్ చేతికొచ్చేసరికి సభ అయిపోయింది.

గాదంకి రోడ్డు:
ఈ రాత్రే గ్రాంటుకు పెడుతున్నాను. వస్తే వెళతాను, రాకపోతే అప్పు మాత్రం చేయను. ఆవుగారూ, చెప్పి రావడానికే అయితే మీరన్నట్టు స్క్రీన్ చాలు. నా వాన లెక్కల్లో ఒకచోట పొంతన కుదరడం లేదు, కంప్యూటర్‌లో వాతావరణ మోడళ్లు నడిపేవాళ్ల పక్కన కూర్చుని అడగాలి. పాకాల అన్నా, ఆ ఫీజు మినహాయింపుకు కాలేజీ లెటర్ సరిపోతుందా, యూనివర్సిటీలో గైడ్ సంతకం కూడా కావాలా?