"ఏఱును బడియున్" అనేవారా, "గుడియున్" అనేవారా?

కందుకూరు పిల్ల:
మా వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారు పోయారు. నిన్న పెద్దకర్మ. ఫ్లెక్సీలో ఫొటో కింద "అప్పిచ్చువాడు, వైద్యుడు" అని వేయించారు పిల్లలు. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆయన ఖాతా రాస్తూ ఈ సుమతీ శతక పద్యమే చదివేవారు కానీ, రెండో పాదం "ఎప్పుడు నెడతెగక బాఱు నేఱును ద్విజుడున్" చివర "ద్విజుడున్" అనేవారు కాదు. "ఏఱును" దాకా వచ్చి, పొట్లానికి చుట్టిన పురికొసను పుటుక్కున తెంపేవారు. ఆ తెంపుడులో ఒక అక్షరం పోయేది. మిగిలింది "డియున్". నేను బడియున్ అంటున్నాను, మా అన్న గుడియున్ అంటున్నాడు. ఆ కొట్లో సరుకులు తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

కావలి మాస్టారు:
అమ్మా, ఛందస్సు మీ ఇద్దరికీ సాక్ష్యం చెప్పదు. బడియున్, గుడియున్ రెండూ సగణాలే, రెండు లఘువుల మీద ఒక గురువు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన జత, "ఎప్పుడు"కీ "నేఱు"కీ మధ్య తేలిపోయింది, చివరి గణంతో దానికి పనిలేదు. అసలు పాఠంలో "ఏఱును" పక్కన "ద్విజుడున్" వస్తే ఆ "ను"ను ఊదకుండా తేల్చి పలకాలి. శెట్టిగారి పాఠంలో ఆ ఇబ్బందే లేదు. చెవి ఉన్న మనిషి.

అరసున్న:
మాస్టారూ, తొందరపడ్డారు. "ఏఱును" ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత పరుషం సరళమవుతుంది, క చ ట త పలు గ జ డ ద బలవుతాయి. కాబట్టి వినపడింది బడి అయినా, అనుకున్నది పడి కావచ్చు. పడికట్టు రాళ్లు అంటామే, ఆ పడి. సూళ్లూరుపేట వైపు పెద్దవాళ్లు బియ్యం పడితో కొలవడం నేను చూశాను. కొట్టుమనిషి పద్యంలోకి కొలత రాక బడి వస్తుందా? అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఏరు, సరైన తూకం. ఈ నాలుగూ ఉన్న ఊళ్లో ఉండమన్నాడు.

కావలి మాస్టారు:
అంత సరళాదేశం పట్టింపు ఉంటే "ద్విజుడున్" తర్వాత "జొప్పడిన" అని చదవండి మరి. అచ్చు పుస్తకాల్లో "చొప్పడిన" అనే చూశాను.

అరసున్న:
అక్కడ పాదం మారింది, ఊపిరి తీసుకుంటాం. ఆఖరి పాదంలో చూడండి. "యూరఁ జొరకుము" అంటే "ఊరన్" అని సప్తమి, ఊళ్లో అని. "యూరు చొరకుము" అంటే ద్రుతమే, ఆ చివరి నకారమే, లేదు. చ, జ మధ్య యతి ఎటూ చెల్లుతుంది. మీ బడిలో ఏది చెప్పారు?

కావలి మాస్టారు:
"జొ" చెప్పారు. నేను ముప్పై ఏళ్లు "చొ" చెప్పాను. పిల్లలు బాగానే పాసయ్యారు.

ఉలవపాడు సపోటా:
మీ జొలూ చొలూ నాకు తెలియవు గానీ, చిన్నప్పుడు "చొప్పడిన యూరు" అంటే ఇవన్నీ అమరిన ఊరని తెలియక, జొన్న చొప్ప పడిన ఊరనుకున్నాను. మా దొడ్లో చొప్పవామి ఉండేది, అందుకని మా ఊరు ఉండదగ్గదే అని ధీమా. ఆ కొట్టు నాకు తెలుసు. తక్కెడ ముల్లు సరిగ్గా నిలిచాక కూడా ఇంకో రెండు బెల్లం పలుకులు వేసేవారు. కొసరు అడిగితే మాత్రం కోపం. "అడిగితే అది కొసరు కాదు, బేరం" అనేవారు. సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా, కొసరు, కొస ఒకటేనా?

అరసున్న:
ఒకటే.

కావలి మాస్టారు:
అంత తేలిగ్గా తేల్చకండి.

ఉలవపాడు సపోటా:
ఇంకో సంగతి. ఒకరి పద్యంలో మాట మార్చి, మకుటం మాత్రం "సుమతీ" అనే ఉంచడం చూస్తే నాకు మా ఎర్రన గుర్తొస్తాడు. భారతంలో నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషం పూర్తిచేసి, దాన్ని కూడా నన్నయ రాజు రాజరాజుకే అంకితం ఇచ్చాడు. తన రాజు ప్రోలయ వేమారెడ్డికి హరివంశం విడిగా ఇచ్చుకున్నాడు. గుడ్లూరు గాలి అది!

కావలి మాస్టారు:
"మా" ఎర్రన ఏమిటి? గుడ్లూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. మళ్లీ 2022లో మాలోనే కలిపితే కొన్నేళ్లు మాలోనే ఉంది. తిక్కన ఎలాగూ మావాడే. మీకు మిగిలేది అద్దంకి.

ఉలవపాడు సపోటా:
అద్దంకి చాలు. ప్రబంధ పరమేశ్వరుడు కూర్చుని రాసిన చోటు. అరణ్యపర్వ శేషంలో తన మొదటి పద్యం "స్ఫురదరుణాంశు" ఎత్తుకున్న తీరు ఒక్కసారి పైకి చదువుకోండి. నన్నయ ఆఖరి పద్యం "శారదరాత్రులు" పక్కనే ఉంది, అయినా ఎక్కడా తడబడలేదు.

కందుకూరు పిల్ల:
అయ్యా, నా అక్షరం! ఇప్పుడే శెట్టిగారి అమ్మాయికి ఫోన్ చేశాను. నాన్నకు ముందు పళ్లు లేవు కదక్కా, బ అన్నా గ అన్నా మాకు ఒకేలా వినపడేది అంది.

అరసున్న:
అదెలా? బ పెదవులతో పలికేది, గ గొంతులో పుట్టేది. పళ్లతో పనేముంది? పళ్లు లేకపోతే పాడయ్యేవి దంత్యాలు. అంటే ఆ అక్షరం తకారమో దకారమో అయి ఉండాలి. తడియున్! సరళాదేశంతో "దడియున్".

కావలి మాస్టారు:
ఏరు ఎడతెగక పారుతుంటే మళ్లీ తడి ఎందుకండీ?

అరసున్న:
పొలానికి తడి పెట్టరా? ఏరు పారితే సరిపోతుందా?

కందుకూరు పిల్ల:
ఆయన పళ్లు పోయింది ఆఖరి రెండేళ్లలో. నేను విన్నది ఎనిమిదో తరగతిలో, అరకిలో చింతపండు కోసం నిలబడి. అప్పుడు అన్నీ ఉన్నాయి, తమలపాకు గారతో సహా.

అరసున్న:
తమలపాకు నోట్లో ఉందా? అది ముందే చెప్పాలి కదమ్మా.