రీప్రొజెక్షన్ ఎర్రర్ 0.31 వచ్చినా ఫోకల్ లెంగ్త్ తప్పుతున్నది, పనోరమా చీలుతున్నది: కంప్యూటర్ విజన్ బేసిక్స్ ఏ వరుసలో చదవాలె?

పానగల్_రోడ్ (ప్రశ్న)

నల్లగొండలో ఎంటెక్ మొదటి సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో కంప్యూటర్ విజన్ ఉన్నది. లైబ్రరీ ఫంక్షన్ పిలిచి చేతులు దులుపుకోకుండా లోపలి లెక్క పట్టుకుందామని ఫోన్ కెమెరాతో రెండు పనులు పెట్టుకున్న. రెండూ తేడా కొడుతున్నయి.

మొదటిది క్యాలిబ్రేషన్, అంటే కెమెరా లోపలి కొలతలు లెక్కగట్టుడు. చెస్‌బోర్డు ప్రింటు గోడకు అంటించి, ఎదురుగ నిలబడి, దగ్గర నుంచి దూరం నుంచి 18 ఫోటోలు తీసిన (4000×3000). ఓపెన్‌సీవీ (విజన్ లైబ్రరీ) రీప్రొజెక్షన్ ఎర్రర్ (బోర్డు మూలలు లెక్క ప్రకారం పడే చోటుకు, ఫోటోలో దొరికిన చోటుకు తేడా) 0.31 పిక్సెల్ అన్నది. ఫోకల్ లెంగ్త్ మాత్రం 5200 పిక్సెళ్లు. అట్లనే ఇంకో 18 తీస్తే 4100. ఏది నమ్మాలె?

రెండోది పనోరమా. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మంటపంలో ఐదు ఫోటోలు హోమోగ్రఫీతో (ఒక ఫోటో పాయింట్లను ఇంకో ఫోటోలోకి పంపే 3×3 మాత్రికతో) అతికించిన. వెనక గోడ కుదిరితే ముందటి స్తంభం రెండుగ కనబడుతున్నది. స్తంభం కుదిరితే గోడ చీలుతున్నది. రాన్‌సాక్ (రెండు ఫోటోల మధ్య తప్పుడు పాయింట్ల జతలను ఏరేసే పద్ధతి) ఇటరేషన్లు 500 నుంచి 5000 చేసినా అంతే.

ఇదంతా వదిలేసి నేరుగ న్యూరల్ నెట్‌వర్కులకు పొమ్మని క్లాసులో సగం మంది సలహా. అసలు ఏ వరుసలో చదవాలె?

కోణం_ముఖ్యం

క్యాలిబ్రేషన్ వరకు నేను చెప్తాను. మీ రెండు అంకెలూ నమ్మదగ్గవి కావు.

బోర్డు కెమెరాకు సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు ఫోటోలో గడి సైజును నిర్ణయించేది ఫోకల్ లెంగ్త్‌ను దూరంతో భాగించిన విలువ ఒక్కటే. రెండింటినీ రెట్టింపు చేసినా బొమ్మ మారదు. అందుకే ఆప్టిమైజర్ 5200 తీసుకుని దూరం కూడా అంతే పెంచేసుకుంటుంది, ఎర్రర్ చిన్నగానే ఉంటుంది. మీ చేతిలో వచ్చిన కొద్దిపాటి వంపు మీదే మొత్తం లెక్క ఆధారపడింది కాబట్టి రెండోసారి వేరే అంకె వచ్చింది. జాంగ్ 2000లో ప్రచురించిన పద్ధతిలో ఒక్కో ఫోటో రెండు సమీకరణాలు ఇస్తుంది. తెలియనివి ఐదు కాబట్టి కనీసం మూడు ఫోటోలు కావాలి. అయితే రెండు ఫోటోల్లో బోర్డు సమాంతరంగా ఉంటే రెండోది కొత్త సమీకరణం ఏదీ ఇవ్వదు. గోడకు అంటించిన బోర్డుకు ఎదురుగా ముందుకూ వెనక్కూ నడిచి తీసిన 18 ఫోటోలు దాదాపు ఒక్క ఫోటో కిందే లెక్క.

ఇలా చేయండి. ఎ3 కాగితం మీద లేజర్ ప్రింటు తీయించి, 5 మి.మీ. గాజుపలక మీద గాలి బుడగలు లేకుండా అంటించండి. ఫ్లెక్సీ వద్దు, సాగుతుంది, వంగుతుంది. లామినేషన్ కూడా వద్దు, ట్యూబులైటు మెరుపు పడ్డచోట మూలలు దొరకవు. ప్రింటు డైలాగ్‌లో "పేజీకి సరిపడా" తీసేసి 100 శాతం పెట్టండి. తర్వాత పది గడులు కలిపి స్కేలుతో అడ్డంగా, నిలువుగా కొలవండి. గడి కొలత రెండు వైపులా ఒకేలా తప్పితే ఫోకల్ లెంగ్త్‌కు ఏమీ కాదు, దూరాలు మాత్రమే తప్పుతాయి. అడ్డం ఒకలా, నిలువు ఒకలా సాగితే మాత్రం కె మాత్రికే, అంటే కెమెరా లోపలి కొలతల మాత్రికే, చెడుతుంది.

20 ఫోటోలు చాలు. అందులో కనీసం పన్నెండింట్లో బోర్డు 30 నుంచి 45 డిగ్రీలు వంగి ఉండాలి, కుడికి, ఎడమకు, పైకి, కిందికి. కొన్నింట్లో బోర్డు ఫ్రేమ్ అంచుల దాకా రావాలి, లేకపోతే డిస్టార్షన్ గుణకాలు (లెన్స్ గీతలను ఎంత వంచుతుందో చెప్పేవి) గాలివాటంగా వస్తాయి. ఫోకస్ లాక్ చేయండి. ఆటోఫోకస్ కదిలితే ఫోకల్ లెంగ్తూ మారుతుంది. వీడియో మోడ్‌లో స్టెబిలైజేషన్ ఫ్రేమ్‌ను కత్తిరిస్తుంది కాబట్టి ఫోటో క్యాలిబ్రేషన్ అక్కడ పనికిరాదు.

10×7 గడుల బోర్డుకు ఓపెన్‌సీవీలో ఇవ్వాల్సింది 9×6. అది లోపలి మూలల లెక్క. "కార్నర్లు దొరకలేదు" అనే ప్రశ్నల్లో చాలా వాటికి జవాబు ఇదే.

చివరగా సరిచూసుకోవడం. ఫోన్ స్పెసిఫికేషన్లో 26 మి.మీ. సమానం అని ఉందనుకుందాం. 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమ్ వికర్ణం 43.3 మి.మీ., మీ ఫోటో వికర్ణం 5000 పిక్సెళ్లు. 26ను 43.3తో భాగించి 5000తో గుణిస్తే దాదాపు 3000. ప్రిన్సిపల్ పాయింట్, అంటే లెన్స్ అక్షం ఫోటోను తాకే చోటు, (2000, 1500) చుట్టుపక్కల ఉండాలి. దీనికి దూరంగా వస్తే ఎర్రర్ ఎంత తక్కువైనా ఫోటోలు మళ్లీ తీయాల్సిందే.

పాలమూరు_పిక్సెల్

పనోరమాకు రాన్‌సాక్‌తోని పంచాయితీ లేదు తమ్మీ. సరైన జతలు సగం ఉంటే నాలుగు జతల శాంపిల్ మొత్తం మంచిది వచ్చే అవకాశం 0.5 నాలుగో ఘాతం, అంటే 0.0625. 99 శాతం భరోసాకు 72 ఇటరేషన్లు చాలు. సరైనవి 30 శాతమే ఉన్నా 567. నువ్వు 5000 పెట్టినవ్. మోడలే తప్పైనప్పుడు లక్ష పెట్టినా ఒకటే.

హోమోగ్రఫీ రెండు సందర్భాల్లోనే నిజం: దృశ్యం ఒకే సమతలం కావాలె, లేకపోతే కెమెరా లెన్స్ కేంద్రం కదలకుండ తిరగాలె. మంటపం సమతలం కాదు. ఇగ కదలిక లెక్క చూడు. స్తంభం 2 మీటర్ల దూరంలో, గోడ 8 మీటర్ల దూరంలో ఉన్నదనుకో, ఫోకల్ లెంగ్త్ 3000. చేయి చాచి ఫోన్ పట్టుకొని నడుం తిప్పితే లెన్స్ సులువుగ 30 సెం.మీ. జరుగుతది. స్తంభం 3000 × 0.3 ÷ 2, అంటే 450 పిక్సెళ్లు కదుల్తది. గోడ 112 పిక్సెళ్లే. మధ్యల 340 పిక్సెళ్ల తేడాను 3×3 మాత్రిక ఒక్కటి ఎట్ల మోస్తది? అదే ఫోన్‌ను నిలువుగ పట్టి, లెన్స్ ఇరుసు లెక్క ఉండేటట్టు తిప్పితే జరిగేది 3 సెం.మీ. లోపే, తేడా 34 పిక్సెళ్లకు దిగుతది. ట్రైపాడ్ ఉంటే ఇంకా నయం. లేకుంటే స్తంభాలు ఫ్రేమ్‌లోకి రాకుండ దూరంగ ఉన్నదే తియ్యి.

ఇంకో చిక్కు ఉన్నది. గుడి స్తంభాల మీద చెక్కుడు ఒకే తీరుగ మళ్లమళ్ల వస్తది. సిఫ్ట్‌లో (ఫోటోల్లో పోలిక పాయింట్లు వెతికే పద్ధతి) మొదటి పొరుగు, అంటే అన్నిటికన్న దగ్గరి పోలిక, దూరాన్ని రెండో పొరుగు దూరంతో భాగించి, 0.8 దాటితే జత తీసేస్తరు కదా, ఇక్కడ రెండూ ఇంచుమించు సమానమైతయి, మంచి జతలు కూడ కొట్టుకుపోతయి. మొదటి ప్రయోగానికి దుకాణం బోర్డులున్న వీధి మేలు. మా పాలమూరు పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు దిక్కు మాత్రం పోకు. ఆకులు గాలికి ఊగుతయి, ఊడకూ ఊడకూ తేడా మనిషికే తెల్వది, డిస్క్రిప్టర్‌కు (పాయింటు చుట్టూ రూపాన్ని చెప్పే అంకెలకు) ఏం తెలుస్తది.

ఎపిపోలార్ జ్యామితికి (రెండు చోట్ల నుంచి తీసిన ఫోటోల మధ్య సంబంధం) వచ్చినప్పుడు ఇదంతా తలకిందులైతది, యాదుంచుకో. చదునైన గోడ ఫోటో హోమోగ్రఫీకి విందు, ఫండమెంటల్ మాత్రికకు (ఆ సంబంధాన్ని చెప్పే మాత్రికకు) పస్తు. పాయింట్లన్నీ ఒకే సమతలంలో ఉంటే ఆ మాత్రిక ఒక్కటే అని తేలదు. అప్పుడు ఆ మంటపమే నీకు మంచి దృశ్యం, పక్కకు నడుచుకుంట తియ్యి.

పానగల్_రోడ్

ఇద్దరికీ థాంక్స్ అన్నా. బోర్డు వంచి 20 తీసిన, 3040 వచ్చింది, ప్రిన్సిపల్ పాయింట్ (1987, 1512). ఇప్పుడు హోమోగ్రఫీ నంపైతో (పైథాన్ లెక్కల లైబ్రరీ) సొంతంగ రాస్తున్న. నాలుగు పాయింట్లకు మంచిగనే వస్తున్నది, 200 పాయింట్లు ఇస్తే బొమ్మ కొంచెం ఒరుగుతున్నది. ఒక్కోసారి అవుట్‌పుట్ సగం నల్లగ వస్తున్నది.

శూన్య_అంతరాళం

ఒరగడానికి ఎక్కువ అవకాశం నార్మలైజేషన్ లేకపోవడం. 4000 వెడల్పు ఫోటోలో మీ సమీకరణాల మాత్రికలో ఒక నిలువు వరుస 1, ఇంకోటి వేలల్లో, మరొకటి కోటి దాకా ఉంటుంది. నాలుగు పాయింట్లకు కచ్చితమైన పరిష్కారం ఉంది కాబట్టి బయటపడదు. 200 ఇచ్చినప్పుడు ఎర్రర్ ఎక్కడ సర్దుకోవాలో ఆ పెద్ద వరుసలే నిర్ణయిస్తాయి. రెండు ఫోటోల పాయింట్లకూ విడివిడిగా కేంద్రాన్ని మూలబిందువుకు జరిపి, సగటు దూరం √2 అయ్యేలా కుదించి, పరిష్కరించాక వెనక్కి మార్చండి. హార్ట్‌లీ 1997లో ఎనిమిది పాయింట్ల పద్ధతిని నిలబెట్టింది ఈ చిన్న మార్పుతోనే.

నంపైలో ఎస్‌వీడీ (మాత్రికను మూడు మాత్రికలుగా విడగొట్టే పద్ధతి) మూడో ఫలితాన్ని ట్రాన్స్‌పోజ్ చేసే ఇస్తుంది, మీకు కావాల్సింది చివరి అడ్డు వరుస. పాయింటు (ఎక్స్, వై), శ్రేణి సూచిక (వరుస, నిలువు) అన్న తిరగామరగా కూడా చూసుకోండి. నిజం ఫోటో ముట్టుకోకముందు ఒక హోమోగ్రఫీ మీరే రాసుకుని, 20 పాయింట్లను దాంతో పంపి, తిరిగి రాబట్టండి. నాయిస్ లేనప్పుడు తేడా పిక్సెల్‌లో కోటో వంతు కూడా ఉండకూడదు. ఉంటే కోడ్‌లో బగ్ ఉన్నట్టే.

సగం నలుపుకు కారణం నెగటివ్ కోఆర్డినేట్లు. నాలుగు మూలలనూ ముందే పంపి కనిష్ఠం చూసి, ఆ మేరకు జరిపే ట్రాన్స్‌లేషన్ మాత్రికను ఎడమ వైపు గుణించండి. చుక్కలు చుక్కలుగా నలుపు ఉంటే అది వేరే తప్పు, మీరు ముందుకు వార్ప్ చేస్తున్నారు, అంటే ఇన్‌పుట్ పిక్సెళ్లను అవుట్‌పుట్‌లోకి నెడుతున్నారు. అవుట్‌పుట్ పిక్సెల్ నుంచి విలోమంతో వెనక్కి వెళ్లి బైలీనియర్‌గా (చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్లను కలిపి) విలువ తెచ్చుకోవాలి.

వరుస సంగతి. ముందు లీనియర్ ఆల్జీబ్రా: నల్ స్పేస్, ఐగెన్ విలువలు, లీస్ట్ స్క్వేర్స్, ఎస్‌వీడీ. వీటికి రెండు వారాలు పోయినా పరవాలేదు. ఫిల్టర్లకు వారం. తర్వాత గ్రేడియెంట్ల (పిక్సెల్ వెలుగు మారే తీరు) 2×2 మాత్రిక దగ్గర నిదానించండి. హారిస్ 1988లో మూలలు వెతికిందీ, లూకాస్–కనాడే 1981లో కదలిక లెక్కకట్టిందీ ఆ మాత్రికతోనే. రెండు ఐగెన్ విలువలూ పెద్దవైతే మూల, ఒక్కటే పెద్దదైతే అంచు, అంచు మీద కదలిక ఒక దిశలోనే తెలుస్తుంది. ఇది అర్థమైతే అపర్చర్ సమస్యను విడిగా బట్టీ పట్టక్కర్లేదు. హఫ్ ట్రాన్స్‌ఫార్మ్‌కు ఒక సాయంత్రం చాలు. ఆ పైన కెమెరా మోడల్, హోమోగ్రఫీ, రెండు చూపుల జ్యామితి, చివరికి బండిల్ అడ్జస్ట్‌మెంట్ (కెమెరాలనూ పాయింట్లనూ కలిపి ఒకేసారి సరిదిద్దడం).

న్యూరల్ నెట్‌వర్కులు వద్దనడం లేదు, సమాంతరంగా చదవండి. కాకపోతే శిక్షణకు ఫోటోలను పావు సైజుకు కుదించి, కె మాత్రికలో ఫోకల్ లెంగ్తూ ప్రిన్సిపల్ పాయింటూ నాలుగో వంతు చేయడం మర్చిపోతే, లోతు అంచనాలన్నీ నాలుగు రెట్లు తప్పుతాయి. ఏ లాస్ గ్రాఫూ మీకా మాట చెప్పదు. డిస్టార్షన్ గుణకాలను మాత్రం ముట్టుకోవద్దు, అవి పిక్సెళ్లలో ఉండవు.

పాలమూరు_పిక్సెల్

పై మాటకు ఒక తోక. సైజు కుదిస్తే రాన్‌సాక్ త్రెషోల్డ్ (జత సరైనదే అనేటందుకు ఒప్పుకునే తేడా) కూడ అదే వంతున తగ్గించు తమ్మీ. 4000 వెడల్పు మీద 4 పిక్సెళ్లు పెట్టినవనుకో, 1000 మీద ఒకటే పెట్టు.