ప్రకృతి వ్యవసాయం ఊరిదా, పథకానిదా?

మెట్టసేద్యం:
ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన, రసాయన ఎరువులూ పురుగుమందులూ లేని ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి పేరులోనే ‘ప్రజా భాగస్వామ్యం’ ఉంది. అయితే 2024 నాటికి 60 లక్షల మంది రైతులను అందులోకి తేవాలన్న లక్ష్యాన్ని 2018లో పైనుంచి ప్రకటించారే తప్ప ఏ గ్రామసభా తీర్మానించలేదు. గడువు దాటిపోయింది, లక్ష్యం ఇంకా చాలా దూరంలోనే ఉంది. రిజిస్టరులో పేరుండి, చేలో మాత్రం ఎప్పటిలాగే యూరియా చల్లే రైతులు మా ఊళ్లో ఉన్నారు. వారిని నేను తప్పుపట్టడం లేదు, పేర్లు రాసుకోవడమే పనిగా మారితే జరిగేది అదే. దీన్ని ఊరి భాగస్వామ్యం అనవచ్చా?

నవధాన్యాల బుట్ట:
మెట్టసేద్యం గారూ, మీరు కథను 2016 దగ్గర మొదలుపెట్టడంలోనే చిక్కుంది. పురుగుమందులు మానుకున్న ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల, తమది రసాయనాలు లేని ఊరని 2006లో ప్రకటించుకున్న ఉమ్మడి వరంగల్ జిల్లా ఏనబావి అంతకుముందువే. స్వచ్ఛంద సంస్థల తోడు లేకుండా అది జరిగిందని అనను, కానీ నిర్ణయం మాత్రం ఊరివారిదే.

ఇక పని సంగతి. రసాయన ఎరువుకు బదులు వాడే ద్రవ జీవామృతానికి 200 లీటర్ల డ్రమ్ము నీటిలో పది కిలోల ఆవు పేడ, మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి, రెండు రోజులపాటు పూటపూటా కర్రతో తిప్పాలి. మా సంఘంలో ఆ కర్ర పట్టేది ఆడవాళ్లే. ఆ శ్రమకు కూలి ఎవరూ లెక్క కట్టలేదు కాబట్టే ఇది ‘పెట్టుబడి లేని సేద్యం’ అయింది. పైనుంచి వచ్చిన అంకెలకన్నా నన్ను బాధించేది ఇదే.

అగ్రిబీఎస్సీ:
శాస్త్రీయంగా నిర్ధారించకుండా ఈ ప్రకృతి వ్యవసాయాన్ని ప్రోత్సహించవద్దని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లోనే చెప్పింది. 2021లో శ్రీలంక రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించి, కొద్ది నెలలకే వెనక్కి తగ్గిన సంగతీ మరవకూడదు. దిగుబడి తగ్గితే ఆ నష్టం ఎవరు భరిస్తారో ముందు తేల్చండి.

కషాయాల కొట్టు:
శ్రీలంకలో నిషేధం విధించారు, ఇక్కడ ఎవరికీ యూరియా ఆపలేదు. ఆ పోలిక నిలవదు. దిగుబడి గురించి మీరు అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్న.

నేను డిగ్రీ చదివి ఊళ్లోనే పురుగులకు చల్లే వేప కషాయం నీమాస్త్రం, పొడి రూపంలో వేసే ఘన జీవామృతం తయారుచేసి అమ్ముతున్నాను. బుట్ట గారన్న శ్రమకు ధర కట్టడమే నా వ్యాపారం. ఆవు లేనివారికి, ఇంట్లో మనుషులు చాలనివారికి అది అక్కరకు వస్తోంది, నాకూ నెల గడుస్తోంది. యువతకు శిక్షణ తరగతులు ఎన్ని పెట్టినా ఇలాంటి ఆదాయం లేనిదే ఎవరూ ఊళ్లో నిలవరు.

అయితే నా దగ్గర కొనేవారిలో కౌలు రైతులు చాలా తక్కువ. నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, వారి కౌలు మాట మాత్రం ఏడాదికే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుగా గుర్తింపునిచ్చే సాగుదారు కార్డు తెచ్చుకోవాలన్నా భూయజమాని ఒప్పుకోవాలి, అదీ పదకొండు నెలలకే. నిరుడు నా దగ్గర ఘన జీవామృతం కొన్న కౌలుదారు ఈ ఏడాది వేరే చేలో ఉన్నాడు. అతను బాగుచేసిన నేలలో ఇప్పుడు యజమాని మిరప వేశాడు. ఊరి భాగస్వామ్యంలో అతనిని ఏ వరుసలో చేర్చాలో మెట్టసేద్యం గారే చెప్పాలి.