శ్రీకాళహస్తి కలంకారీ మహిళలం: అంతర్జాతీయ వ్యాపార సంఘాలను ఏమి అడగాలి, ఎలా అడగాలి?

ప్రశ్న: సంఘం లెక్కలు రాసే సభ్యురాలు, శ్రీకాళహస్తి దగ్గరి పల్లె

అందరికీ నమస్కారం. మా పల్లెలో కలంకారీ వేసే పదకొండు మంది ఆడవాళ్లం కలిసి ఒక సంఘంగా పనిచేస్తున్నాం. పోయిన ఏడాది ఒక అంతర్జాతీయ సేవా సంఘానికి చెందిన స్థానిక శాఖవారు మా ఊరికి వచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడి, నాలుగు కుట్టుమిషన్లు ఇచ్చి వెళ్లారు. ఇచ్చినవారి మనసు మంచిదే, ఆ మాట ముందే చెప్పుకోవాలి. కానీ మా పని కుట్టడం కాదు, గుడ్డమీద కలంతో బొమ్మ గీసి రంగులు వేయడం. నాలుగింటిలో ఒక్కటే వాడుకలో ఉంది. మిగతా మూడూ మా ఇంటి వసారాలో పట్ట కింద ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా, ఇచ్చినవారికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక నాకు బాధ కలుగుతుంది.

మా అసలు ఇబ్బంది నీళ్లతో. కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో గుడ్డను నానబెట్టి ఆరబెట్టడంతో మొదలుపెట్టి, కసిమితో (ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టిన నల్లని నీటితో) నల్లగీతలు గీసి, ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పెట్టి, రంగులో ఉడకబెట్టి, చివరకు పసుపు, నీలం వేసేదాకా ఒకే గుడ్డను ఎన్నోసార్లు ఉతకవలసి వస్తుంది. పటిక పెట్టిన గుడ్డను పారే నీటిలోనే జాడించాలి. నిలవ నీటిలో ముంచితే అదనపు పటిక కొట్టుకుపోకుండా పక్కకు పాకుతుంది, బొమ్మలోని అమ్మవారి చేతి గీత దాటి చీరంతా ఎర్రని మరక అవుతుంది. పది రోజుల పని ఆ ఒక్క పూటలో పోతుంది. స్వర్ణముఖిలో నీళ్లున్న నెలల్లో మాకు చింత లేదు. ఏరు ఎండిన తరువాత ట్యాంకరు నీళ్లు కొనుక్కుంటున్నాం, లేదా బోరున్న రైతును బతిమాలుకుంటున్నాం.

ఇప్పుడు తిరుపతి నుంచి మరొక వ్యాపారుల సంఘంవారు వస్తామని కబురు చేశారు. వారికి విదేశాల్లో కూడా శాఖలున్నాయట. కొంత ధనసాయం, దానితోపాటు మెంటరింగ్ (అనుభవమున్న వ్యాపారి పక్కనుండి సలహా చెప్పడం) కూడా చేస్తామన్నారు. ఇటువంటి సంఘాలకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, మాకు కావలసింది మేమే అడగవచ్చా, లేక వాళ్లు ఇచ్చిందే తీసుకోవాలా అన్నది నా మొదటి సందేహం. ఫ్యాక్టరీ నడిపినవారో, హోటలు నడిపినవారో వచ్చి కలంకారీ వేసేవాళ్లకు ఏమి నేర్పగలరు అన్నది రెండవది. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రోటరీ సభ్యుడు, చిత్తూరు

అమ్మా, మీరు రాసింది చదివి తల దించుకున్నాను. అటువంటి మిషన్ల పంపిణీల్లో నేనూ నిలబడి ఫోటో దిగాను. ఆ తరువాత ఆ మిషన్లు ఏమయ్యాయో వెళ్లి చూసింది తక్కువ.

ఈ సంఘాలు ఎలా పుట్టాయో తెలిస్తే ఏమి అడగాలో మీకే తోస్తుంది. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి రోటరీని మొదలుపెట్టారు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో సమావేశమయ్యేవారు కనుక ఆ పేరు వచ్చింది. 1917లో అదే నగరంలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి లయన్స్ క్లబ్బులకు పునాది వేశారు. రోటరీ వృత్తి వ్యాపారాల్లో ఉన్నవారు ఒకరికొకరు తోడుగా ఉండడానికి పెట్టుకున్నదే, ఊరికి సేవ చేయాలన్న ఆలోచన ఆ తోడు నుంచే ఎదిగింది. లయన్స్ కూడా అటువంటి వ్యాపారుల బృందం నుంచే, సేవ కోసం పుట్టింది. రోటరీ మన దేశానికి 1920లో కలకత్తా ద్వారా వచ్చింది. రోటరీ ఫౌండేషన్‌కు అందిన తొలి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఈనాటికీ ఆ నిధికి పెద్ద ఆధారం ఊరూరా సభ్యులు ఇచ్చే డబ్బే.

మీ నీళ్ల సంగతికి వస్తాను. రోటరీలో గ్లోబల్ గ్రాంటు అనే పద్ధతిలో ఇక్కడి క్లబ్బు, మరో దేశంలోని క్లబ్బు కలిసి దరఖాస్తు చేయాలి. తాగునీరు, పారిశుధ్యం, స్థానిక ఆర్థికాభివృద్ధి వంటి ఏడు రంగాలలో ఒకదానికి ఆ పని చెందాలి. ప్రాజెక్టు మొత్తం కనీసం 30,000 డాలర్లు ఉండాలి, అంటే పాతిక లక్షల రూపాయల పైమాటే. దరఖాస్తుకు ముందు ఆ ఊరివాళ్లతో కూర్చుని వారి అవసరం ఏమిటో తెలుసుకుని రాయాలన్నది నిబంధన. పని పూర్తయ్యాక దాన్ని ఎవరు నడుపుతారో, మరమ్మతుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా ముందే చెప్పాలి. కాబట్టి మీకు కావలసింది మీరే అడగడం తప్పు కాదు, ఆ పద్ధతి కోరేదే అది. పదకొండు మందికి అంత పెద్ద గ్రాంటు అవసరం లేదు. జిల్లా గ్రాంటు అనే చిన్న పద్ధతి ఒకటి ఉంది, నీటితొట్టి, పైపులు, నీళ్లు పారే కాలువ వంటివాటికి అది సరిపోవచ్చు. చుట్టుపక్కల పల్లెల్లోని కలంకారీ కుటుంబాలన్నీ కలిస్తే పెద్దదాని గురించి ఆలోచించవచ్చు.

లోపలివాడిగా ఒక జాగ్రత్త చెబుతాను. రోటరీలో ప్రతి జూలై 1న క్లబ్బు అధ్యక్షులు మారతారు. మేలో ఒప్పుకున్న పని ఆగస్టుకు ఎవరికీ పట్టనిది కావడం నేను చూశాను. అందుకని ఎవరు వచ్చినా, ఇప్పటి అధ్యక్షుడితో పాటు రాబోయే అధ్యక్షుడిని కూడా రమ్మని అడగండి, మాట ఇద్దరి ముందూ జరగాలి. పోలియో విషయంలో రోటరీ 1985లో మాట ఇచ్చింది, 2011 జనవరిలో హౌరాలో చివరి కేసు కనిపించి, 2014 మార్చిలో మన దేశానికి పోలియోరహిత ధ్రువీకరణ వచ్చేదాకా ఆ మాట మీద నిలబడింది. దాదాపు ముప్పై ఏళ్లలో ఎందరో అధ్యక్షులు మారారు, పని మారలేదు. ప్రభుత్వం, ఆరోగ్య కార్యకర్తలు, యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పని అందులో చాలా పెద్దదని కూడా చెప్పాలి. చుక్కలు వేసే ఆదివారాలు ఎండలో నిలబడ్డవాడిగా ఆ ఓపిక ఎంత విలువైనదో నాకు తెలుసు. మీరు గుడ్డలు జాడించే రేవుకు కూడా అంత కాకపోయినా మూడేళ్ల ఓపికైనా ఎవరో ఒకరు ఇవ్వాలి.

జవాబు 2: రాగి తినుబండారాల వ్యాపారి, తిరుపతి

అక్కా, మీ రెండవ సందేహానికి నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే అదే సందేహం నాకూ వచ్చింది. నేను రాగిపిండి, రాగి మురుకులు తయారుచేసి తిరుపతిలోని దుకాణాలకు వేస్తాను. ఒక సంఘం ద్వారా నాకు మెంటరుగా వచ్చిన పెద్దాయన రేణిగుంట వైపు ఇంజనీరింగ్ సామాను తయారుచేసి విశ్రాంతి తీసుకున్నవారు. రాగుల గురించి తనకు ఏమీ తెలియదని మొదటిరోజే చెప్పారు.

ఆయన మా పిండిగది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ఒక తెల్లకాగితం నా చేతికిచ్చి, అరకిలో మురుకుల ప్యాకెట్టుకు అయ్యే ఖర్చంతా రాయమన్నారు. రాగిపిండి, బియ్యప్పిండి, నూనె, గ్యాసు, కవరు, ఆటో అని రాసి ఇచ్చాను. కాగితం చాలాసేపు చూసి, "ఇందులో నీ కూలి ఏదమ్మా?" అని అడిగారు. నాకు మాట రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి ముందు నిలబడే నేను, నాలుగేళ్లుగా నా కూలిని ఆ దుకాణాలకు ఊరికే ఇస్తున్నానని ఆరోజే తెలిసింది. కూలి కలిపి లెక్క వేస్తే మూడు రకాల్లో ఒకటి పూర్తిగా నష్టానికే అమ్ముతున్నాను. దాన్ని ఆపేశాను.

ఆయన రెండేళ్లపాటు ప్రతి నెలా రెండవ శనివారం వచ్చారు. వచ్చిన ప్రతిసారీ పాత కాగితం తీయమనేవారు. ఒక దుకాణదారు మూడు నెలలైనా డబ్బు ఇవ్వకపోతే, నాకు బదులు ఆయన వెళ్లి మాట్లాడతారనుకున్నాను. ఆయన వెళ్లలేదు. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషను (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించారు. ఆ తరువాత, 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని, దాటితే వడ్డీ కూడా ఇవ్వాలని చెప్పి, ఉత్తరం నాచేతే రాయించారు. డబ్బు వచ్చింది. ఆ తరువాత అటువంటి ఉత్తరం రాయడానికి నాకు ఎవరి సాయమూ అవసరం కాలేదు.

చిన్న వ్యాపారులకు అప్పుతో పాటు మెంటరునూ ఇచ్చే ఈ పద్ధతిని మన దేశంలో 1992 నుంచి భారతీయ యువశక్తి ట్రస్టు నడుపుతోంది, జె.ఆర్.డి. టాటా దాని తొలి అధ్యక్షులు. 1976లో బ్రిటన్‌లో మొదలైన ప్రిన్స్ ట్రస్టు దానికి నమూనా. ఇవన్నీ ఆ పెద్దాయన చెప్తేనే నాకు తెలిశాయి.

కాబట్టి ఆయనకు కలంకారీ తెలుసా అని అడగకండి అక్కా. నెలకు ఒకసారి, ఏ రోజు వస్తారు, ఎన్ని నెలలు వస్తారు అని అడగండి.

జవాబు 3: కంపెనీ ఉద్యోగి, శ్రీసిటీ

పై ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తూనే, చట్టపరంగా రెండు మాటలు చేర్చాలి. నేను శ్రీసిటీలో ఒక విదేశీ కంపెనీలో సామాజిక బాధ్యత పనులు చూస్తుంటాను.

విదేశీ సంఘం నేరుగా మీ బ్యాంకు ఖాతాకు విరాళం పంపుతామంటే ఒప్పుకోకండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషను లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థలు మాత్రమే అటువంటి డబ్బు తీసుకోవాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి, తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అందువల్ల తొట్టి కట్టించే పనిని రిజిస్ట్రేషను ఉన్న సంస్థే స్వయంగా చేయించి మీకు అప్పగించడం క్షేమం. మీ చీరలు విదేశంలో ఎవరైనా కొని డబ్బు పంపితే అది విరాళం కాదు, వ్యాపారపు రాబడి. ఆ తేడా గుర్తుంచుకోండి.

కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. సంప్రదాయ కళలు, చేతివృత్తుల అభివృద్ధి ఆ పనుల జాబితాలో స్పష్టంగా ఉంది. శ్రీసిటీ మీకు దూరం కాదు. వ్యాపార సంఘాల సభ్యుల్లో ఇటువంటి కంపెనీలవారూ ఉంటారు, వారి నుంచి విరాళం కన్నా ఆ పరిచయమే ఎక్కువ మేలు చేయవచ్చు.

మెంటరింగ్ విషయంలో మాత్రం పై సోదరి కంటే నేను కొంచెం భయస్తుణ్ణి. 1992లో సిలికాన్ వ్యాలీలో భారత ఉపఖండం నుంచి వెళ్లిన వ్యాపారులు మొదలుపెట్టిన టై వంటి సంఘాల్లో, నిలదొక్కుకున్నవారు కొత్తవారికి రుసుము లేకుండా సలహా ఇవ్వడం ఒక సంప్రదాయం. అది గొప్ప సంప్రదాయమే. కానీ త్వరగా పెంచడం, ఖర్చు తగ్గించడం అన్నవి ఆ లోకపు అలవాట్లు. ఒక చేతివృత్తి సంఘానికి వచ్చిన మెంటరు, చేత్తో గీసే అంచుల్ని స్క్రీన్ ప్రింటింగ్‌తో వేస్తే నాలుగు రెట్లు అమ్మవచ్చని చెప్పడం నేను విన్నాను. ఆ సంఘం వింది, మొదట అమ్మకాలు పెరిగాయి, తరువాత పాత కొనుగోలుదారులు దూరమయ్యారు. 1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారు పూనుకుని శ్రీకాళహస్తి కలంకారీని మళ్లీ నిలబెట్టినప్పుడు, పాత పనివాళ్ల దగ్గర కొత్త పిల్లలకు నేర్పించారు, కలాన్ని మార్చమని చెప్పలేదు. భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి పనికే ఆ పేరు చెల్లే జీఐ ట్యాగు) కూడా ఆ కలం పనికే ఉంది. లెక్కల దగ్గర మెంటరు మాట వినండి, రంగు దగ్గర, గీత దగ్గర మీ మాటే చెల్లాలి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

సార్ ఇద్దరికీ, చెల్లికీ కృతజ్ఞతలు.

చెల్లి చెప్పినట్టు నిన్న రాత్రి ఒక దుపట్టాకు లెక్క వేసి చూశాం. గుడ్డ, పాలు, కరక్కాయ, పటిక, కట్టెలు, ట్యాంకరు నీళ్లు అన్నీ రాశాం. కూలి దగ్గరికి వచ్చేసరికి, రోజుకు ఎంత వేయాలన్న దానిమీద పదకొండు మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాలో పెద్దది, యాభై ఏళ్లుగా కలం పట్టిన మా పెద్దమ్మ, ఉపాధి పనికి వెళ్తే వచ్చేంతైనా రాయమంది. అది రాసి కూడితే, వ్యాపారి మాకు ఇచ్చే ధర కంటే ఎక్కువ తేలింది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

వాళ్లు వచ్చే శనివారం వస్తున్నారు. రాబోయే అధ్యక్షుడిని కూడా తీసుకురమ్మని ఫోనులో అడిగాను, ఒప్పుకున్నారు. ముందుగా ఎండిన రేవు దగ్గరికి తీసుకెళ్లి, తరువాత ఈ కాగితం చూపిస్తాం. విరాళం ఎవరి ద్వారా ఇస్తారో కూడా అప్పుడే అడుగుతాను. శ్రీసిటీ సార్ చెప్పినదాకా ఆ సంగతి నాకు తోచనే లేదు.

మిషన్లు ఇచ్చినవారికీ ఈ ఉదయం ధైర్యం చేసి ఫోన్ చేశాను. ఏర్పేడు వైపు కుట్టు నేర్చుకున్న ఆడపిల్లలు కొందరు అద్దె మిషన్ల మీద పనిచేస్తున్నారు, ఆ మూడూ వాళ్లకు ఇవ్వవచ్చా అని అడిగాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. ముందే చెప్పి ఉండవలసింది కదమ్మా అన్నారు. సోమవారం ఆటో పంపుతామన్నారు.