విందులో అదనంగా తిన్నది మర్నాటి వ్యాయామంతో సరిపోతుందా?

ఉదయనడక:
బరువు తగ్గాలని ఆహారం అదుపులో పెట్టుకుని రోజూ నడుస్తున్నాను. ఒంటరిగా తినే రోజుల్లో ఏ చిక్కూ లేదు. నలుగురితో కలిసి కూర్చున్న పూటే ఆకలి తీరాక కూడా చెయ్యి ఆగదు. మర్నాడు వ్యాయామం రెట్టింపు చేస్తే సరిపోతుందని కొందరు, అసలు అలాంటి పిలుపులకు వెళ్లకూడదని కొందరు అంటున్నారు. మనుషులకు దూరమై బరువు తగ్గడం నాకు ఇష్టం లేదు కనుక రెండో సలహాను పక్కన పెడుతున్నాను. మొదటిది నిజంగా పనిచేస్తుందా?

లెక్కలమనిషి:
పనిచేయదు. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే దాదాపు 250 కేలరీలు ఖర్చవుతాయి. ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 70ని అందులోంచి తీసేస్తే, నడక వల్ల అదనంగా కరిగేది 180 మాత్రమే. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఉంటాయి కనుక ఆ గంట శ్రమను వమ్ము చేయడానికి 20 గ్రాముల నూనె చాలు. వేయించిన పదార్థంలో అంత నూనె కంటికి కనబడను కూడా కనబడదు. ఒక విందులో వెయ్యి కేలరీలు అదనంగా తిన్నారనుకుంటే, దానికి బదులుగా ఐదున్నర గంటలు నడవాలి. చేతి గడియారం చూపే కేలరీల అంకెను నమ్ముకోవడమూ ప్రమాదమే: 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల గడియారాలను పరీక్షించినప్పుడు, కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపింది.

బస్కీలు:
లెక్కలమనిషి గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. వాటిని ఒక్క రోజుకే కట్టిపడేయడంతోనే పేచీ. శరీరం అర్ధరాత్రికి ఖాతా మూసేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. అలా ఏడాది పొడవునా చేసేవారికి ఒక విందు పెద్ద దెబ్బేమీ కాదు. అమెరికాలో 1994లో మొదలైన బరువు నియంత్రణ రిజిస్ట్రీలో, 13 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవారిని నమోదు చేస్తున్నారు. వారిలో అత్యధికులు సగటున రోజుకు సుమారు గంటసేపు వ్యాయామం చేసేవారే.

లెక్కలమనిషి:
ఆ రిజిస్ట్రీలో చేరేది గెలిచినవారే. వ్యాయామం చేసీ బరువు తగ్గనివారు అందులో కనిపించరు. పైగా శ్రమ పెరిగినంత మాత్రాన మొత్తం ఖర్చు అదే పాళ్లలో పెరగదు. మానవ శాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, టాంజానియాలో వేట, ఆహార సేకరణ మీద బతికే హడ్జా ప్రజల రోజువారీ శక్తి వ్యయం, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, పాశ్చాత్య దేశాలవారి వ్యయానికి ఇంచుమించు సమానమని తేలింది.

నిదానం:
మీ ఇద్దరి వాదమూ తిన్న తర్వాతి సంగతి చుట్టూనే తిరుగుతోంది. ఉదయనడక గారి చిక్కు తినే వేళలో ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డి కాస్ట్రో 1980ల చివర్లో జనం తిన్నవాటిని వారి చేతనే రాయించి చూస్తే, ఇతరులతో కలిసి చేసిన భోజనాలు ఒంటరి భోజనాలకన్నా సగటున 44 శాతం పెద్దవిగా ఉన్నాయి. ఆత్మీయులతో కూర్చున్నప్పుడు భోజనం ఎక్కువసేపు సాగుతుంది; వంటకాలు ఎదురుగానే ఉంటాయి; పక్కవారు ఇంకా తింటున్నారు కనుక మనమూ తింటాం. దీన్ని మనోబలహీనత అనుకోవడం అన్యాయం.

వడ్డించేవారి చూపు ముందుగా ఖాళీ పళ్లెం మీద పడుతుంది. త్వరగా ముగించినవారికి రెండో వడ్డన తప్పదు, నిదానంగా తినేవారి పళ్లెంలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది కనుక వారి జోలికి ఎవరూ రారు. మొదటిసారి సగమే పెట్టించుకుంటే, రెండోసారి అడిగినప్పుడు కాదనకుండా కొంచెం వేయించుకోవచ్చు, పెట్టినవారికీ తృప్తి. విందు ఉందని పగలంతా పస్తుండడం మాత్రం మంచిది కాదు, ఆ ఆకలితో వెళ్తే మొదటి పది నిమిషాల్లోనే హద్దు దాటుతారు. భోజనమయ్యాక కబుర్లు చెప్పుకుంటూ పావుగంట నడిస్తే కరిగేది కొంచెమే, అయినా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఆపుతుంది. పైగా అంతసేపూ వంటకాలకు దూరంగా ఉంటారు.

మర్నాడు ఉదయమే తూకం ఎక్కి బెంబేలెత్తకండి. కిలోన్నర పెరిగిందంటే అదంతా కొవ్వు కాదు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీల చొప్పున చూస్తే, రాత్రికి రాత్రే పదకొండు వేలకు పైగా అదనంగా తిని ఉండాలి. పిండిపదార్థం గ్లైకోజెన్‌గా, అంటే శరీరం దాచుకునే చక్కెర రూపంలో, నిల్వ అయ్యేటప్పుడు గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, ఉప్పు మరికొంత నీటిని ఆపుతుంది. ఆ అంకెను చూసి శిక్షగా వ్యాయామం చేయడం నాకు అన్నిటికన్నా భయం కలిగించే అలవాటు. అతిగా తినడం, ప్రాయశ్చిత్తంగా ఒళ్లు హూనం చేసుకోవడం పదేపదే జరుగుతుంటే అది ఆహార సంబంధమైన మానసిక రుగ్మతకు సూచన కావచ్చు. అప్పుడు వైద్యుణ్ణి కలవడమే సరైనది.

ఉదయనడక:
నిదానం గారూ, పళ్లెం సంగతి నా కళ్ల ముందు జరిగినట్లే చెప్పారు. మరి వారంలో మూడు పిలుపులు వస్తే?

లెక్కలమనిషి:
రోజుకు 400 కేలరీలు తగ్గించి తింటున్నారనుకుందాం, వారానికి 2,800. వెయ్యి చొప్పున ఒక విందుకు పోతే 1,800 మిగులుతాయి, మూడిటికి పోతే ఏమీ మిగలకపోగా ఎదురు 200 పడతాయి.

బస్కీలు:
ఆ 200ను గంటకు పైగా నడక పూడుస్తుందని మీ అంకెలే చెబుతున్నాయి కదా!

లెక్కలమనిషి:
పూడుస్తుంది, బరువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వారు అడిగింది తగ్గడం గురించి.

నిదానం:
మూడు పిలుపులకూ వెళ్లండి, మూడింటా భోజనం చేయనక్కర్లేదు. ఒకచోటికి ఇంట్లో తినేసి, భోజనాలు ముగిసే వేళకు వెళ్లండి. తీరిగ్గా మాట్లాడుకునే సమయం అదే.