ఇటర్బియం ఫైబర్‌లో పవర్ మెల్లగా పడిపోతోంది, గాజు మార్చాలా?

ప్రశ్న: మాది 1064 నానోమీటర్ల పల్స్ యాంప్లిఫయర్ (ఇటర్బియం అయాన్లు కలిపిన గాజు ఫైబర్‌లో లేజర్ పల్సుల బలం పెంచేది). కోర్ అల్యూమినోసిలికేట్ గాజు, పంపు (ఫైబర్‌కి శక్తినిచ్చే లేజర్ కాంతి) 915 నానోమీటర్లు. వాడేకొద్దీ అవుట్‌పుట్ తగ్గుతోంది. పంపు డయోడ్లు, స్ప్లైసులు (ఫైబర్ అతుకులు) చూశాం, బాగానే ఉన్నాయి. ఫోటోడార్కెనింగేనా (పంపు కాంతికి గాజు క్రమంగా నల్లబడటం)? అయితే తర్వాతి ప్రీఫామ్‌లో (ఫైబర్‌గా సాగదీసే గాజు కడ్డీలో) ఫాస్ఫరస్ వేయమని మా గైడ్‌ని అడగాలా, సీరియమా?

సమాధానం 1: ముందు తేల్చుకోండి. వాడిన ముక్కలోంచీ, వాడని ముక్కలోంచీ 633 నానోమీటర్ల ఎర్ర కాంతి పంపి పోల్చండి. ఫోటోడార్కెనింగ్ అయితే నష్టం 1064 దగ్గరకంటే అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువగా తెలుస్తుంది.

సమాధానం 2: ప్రీఫామ్‌లు చేసేవాడిగా చెప్తున్నా, అందరూ ముందు గాజునే తిడతారు. ఇన్వర్షన్ (ఇటర్బియం అయాన్లలో పంపు శక్తిని పట్టుకుని ఉన్నవాటి శాతం) ఎంతుందో చూసుకున్నారా? 915తో పంపు చేస్తే అది చాలా పైకి పోగలదు. 976తో అయితే సుమారు 50 శాతం దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే ఆ తరంగదైర్ఘ్యాన్ని అయాన్లు ఎంత బాగా పీలుస్తాయో దాదాపు అంతే బాగా తిరిగి వదులుతాయి. నల్లబడే వేగం ఇన్వర్షన్‌తో పాటు విపరీతంగా పెరుగుతుంది. పైగా 976 దగ్గర శోషణ ఎక్కువ కాబట్టి ఫైబర్ పొట్టిదైనా సరిపోతుంది, రామన్ బెడదా (సిగ్నల్ కాంతి వేరే తరంగదైర్ఘ్యానికి జారిపోవడం) తగ్గుతుంది. వేడి కూడా అంతే: పంపుకీ సిగ్నల్‌కీ మధ్య పోయే శక్తి 14 శాతం నుంచి 8కి దిగుతుంది. కాకపోతే ఆ శిఖరం సన్నం, డయోడ్ తరంగదైర్ఘ్యం జరిగితే కష్టం.

ఇక ఫాస్ఫరస్. నల్లబడటాన్ని అది బాగా ఆపుతుంది, ఒప్పుకుంటా. కానీ ఇటర్బియం శోషణ తగ్గుతుంది, ఫైబర్ పొడవు పెంచాలి. ట్యూబ్ కొలాప్స్ చేసేటప్పుడు (గాజు గొట్టాన్ని వేడితో మూసి కడ్డీగా చేసేటప్పుడు) మధ్యలోంచి ఆవిరై వక్రీభవన గుణకంలో గుంట పెడుతుంది (నాకు అన్నిటికంటే చికాకు ఇదే). అల్యూమినియం, ఫాస్ఫరస్ సమాన మోల్ పాళ్లలో పడితే గుణకం సిలికా దగ్గరికే దిగుతుంది, పెద్ద కోర్లకు అదే కావాలి. ఆ సమానత్వాన్ని ప్రీఫామ్ పొడవునా నిలబెట్టడమే అసలు పని. సీరియం చేయడం తేలిక, కానీ గుణకాన్ని పెంచుతుంది.

ప్రశ్న వేసినవారు: సీడ్ (యాంప్లిఫయర్‌లోకి పంపే చిన్న సిగ్నల్) బలహీనమే, పల్సుల మధ్య ఎడమూ ఎక్కువే. నల్లబడ్డ ఫైబర్‌ని వేడిచేసి బాగుచేయొచ్చా?

సమాధానం 2: అయితే పట్టుకున్న శక్తిని అయాన్ల నుంచి సిగ్నల్ సరిగా లాగేయడం లేదు, ఇన్వర్షన్ మీదే నా అనుమానం. ముందు సీడ్ పెంచండి, 976 ప్రయత్నించండి, ప్రీఫామ్ సంగతి తర్వాత. వేడిచేస్తే గాజు తేటపడుతుంది, కానీ దానికి వందల డిగ్రీలు కావాలి. పంపుని లోపల పట్టి ఉంచే పాలిమర్ పూత అంతకు చాలా ముందే మాడిపోతుంది. కొత్త ముక్క స్ప్లైస్ చేసుకోండి.